మదామా దెల్ఫీనా నేర్పిన భాష

"ఇది ఇటాలియన్ కాదమ్మా!" అంది పరీక్ష పెట్టే ఆవిడ, నవ్వాపుకోలేక.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇటలీ వచ్చిన రెండేళ్ళుగా పొద్దస్తమానం నేను మాట్లాడుతున్నది ఇటాలియన్ కాకపోతే మరేమిటట? మొరాకో నుంచి వచ్చినదాన్ని కదా, ఏం చెప్పినా నమ్ముతాననుకుందా? రోజూ పొద్దున్న ఏం చేస్తారని అడిగింది. లేస్తాను, వంటింట్లోకి వెళ్తాను, క్యాప్సికం పొయ్యి మీద కాలుస్తాను అని గడగడా చెప్పాను. ఒక్క చోట తడబడితే ఒట్టు.

"'వెళ్తాను' అంటే 'వాడో' కదా, మీరు 'వోన్' అంటున్నారు. 'లో' అంటే 'ఇన్'. మీరు 'ఆంత్' అంటున్నారు. ఇది ఈ చుట్టుపక్కల ముసలివాళ్ళ భాష. మా అమ్మమ్మ మాట్లాడేది. ఎవరమ్మా మీకు నేర్పింది?"

పక్క గదిలో వాళ్ళని కూడా పిలిచి నాచేత మళ్ళీ చెప్పించింది, కోతినాడించినట్టు. ఆ తర్వాత తీరిగ్గా ఫెయిల్ చేసింది. ఈ పరీక్ష గట్టెక్కితేనే నాకు శాశ్వత నివాసం కార్డు. లేకపోతే ఏటేటా పర్మిట్ కోసం పోలీసాఫీసు ముందు పడిగాపులే.

నేర్పింది మదామా దెల్ఫీనా. ఆ ముసలావిడని కనిపెట్టుకుని ఉండడమే నా ఉద్యోగం. కత్తి చూపించి 'కొయ్యి' అనీ, దిండు చూపించి 'తల కింద పెట్టు' అనీ, ప్రతి మాటా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇంటికెళ్ళగానే అడిగేశాను.

"మదామా! మీకసలు ఇటాలియన్ రాదా?"

"ఎందుకు రాదే? బళ్ళో పంతులమ్మ బెత్తం పుచ్చుకుని మరీ నేర్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదు? నా కార్డు పోయింది, తెలుసా! మీకు వేళాకోళంగా ఉందా?"

ఆవిడ తల దించుకుంది. "నా పిల్లలకి ఈ భాషంటే నామోషీ. మనవలు పళ్ళికిలిస్తారు. మా ఆయన పోయాక ఇందులో నాకు బదులు చెప్పింది నువ్వొక్కదానివే. నీకు ఇటాలియన్ నేర్పితే నేనెవరితో మాట్లాడనే పిల్లా?"

జాలేసింది. జాలేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"మీ ఊసుపోకకి నా బతుకే దొరికిందా? ఇవాళ్టి నుంచీ ఈ ఇంట్లో ఇటాలియనే. కాదంటే నా దారి నేను చూసుకుంటా!"

ఆవిడ నా షరతుకి ఒప్పుకుంది. క్రియలన్నీ, 'కి', 'లో', 'మీద', 'నుంచి' అన్నీ మళ్ళీ మొదటి నుంచీ ఓపిగ్గా చెప్పింది. కానీ ఎదురింటివాళ్ళ కబుర్లు మానేసింది. నన్ను తిట్టడం కూడా మానేసింది. నీళ్ళు కావాలి, కిటికీ ముయ్యి, అంతే. పోన్లే, పరీక్ష నాది, ఉక్రోషం ఆవిడది అనుకున్నాను.

వసంతంలో పాసయ్యాను. ఆయాసపడుతూ ఇంటికి పరిగెత్తి, ఆనందం పట్టలేక ఆవిడ భాషలోనే కేకేశాను. "గెలిచాను మదామా!"

ఆవిడ నావైపు చూసి, కొత్తగా వచ్చిన డాక్టరుతో మాట్లాడినట్టు శుభ్రమైన ఇటాలియన్‌లో అంది. "చాలా సంతోషమండీ. మరి మీరెప్పుడు వెళ్ళిపోతున్నారు?"

"ఎక్కడికీ వెళ్ళను! మిమ్మల్నొదిలి ఎక్కడికి పోతాను?" అని ఆవిడ భాషలోనే అరిచాను.

"అరవకండి," అంది ఇటాలియన్‌లో.