అక్షరం లేని గది

నేను ఒక గదిని. ఇటుకా సున్నమూ ఎరగని గదిని. కంప్యూటర్ లోపల డిస్కు అని ఒకటి ఉంటుంది, అది రాసి దాచుకునే జాగా. దాన్ని గదులుగా విడదీస్తారు. పెద్ద గదికి సి అని పేరు, మరో గదికి డి అని పేరు. సి గదిని ఆనుకుని అర జీబీ జాగాలో, పేరూ అక్షరమూ లేకుండా, తెర మీద ఎక్కడా కనబడకుండా ఒక చిన్న గది ఉంటుంది. అదే నేను.

విండోస్ ఏ పొద్దునైనా లేవలేక చతికిలబడితే దాన్ని లేపడం నా ఉద్యోగం. రెండు మూడుసార్లు లేవబోయి పడిపోతే కంప్యూటర్ తనంతట తానే నా తలుపు తడుతుంది. నేను నీలం తెర పరిచి, బాగుచేయమంటారా, నిన్నటి స్థితికి తీసుకెళ్లమంటారా అని మర్యాదగా దారులు చూపిస్తాను. నన్ను పిలవకుండా గడిచిన రోజే ఇంటివాళ్లకు మంచి రోజు. అందుకని నన్ను ఎవరూ తలుచుకోరని నాకు బాధ లేదు. ఉంటే గింటే కొంచెం ఉంది.

ఒక ఫ్యాక్టరీలో నిమిషాల మీద పుట్టాను. నాలాంటివాళ్లం ఆ పూట కొన్ని వందల మందిమి, అందరం అచ్చు గుద్దినట్టు ఒకటే. ఒక్కొక్కరినీ ఒక్కో డబ్బాలో పెట్టి పంపేశారు. నేను మొదట చేరింది అనంతపురంలో ఒక బీమా ఆఫీసుకు. అక్కడ నాలుగేళ్లున్నాను. ఆ నాలుగేళ్లలో నా ముఖం చూసినవాడు ఒకే ఒక్క గుమాస్తా. కంప్యూటర్ వేసేటప్పుడు తుడుస్తూ తుడుస్తూ ఏదో మీట నొక్కాడు, నేను నీలం తెరతో ప్రత్యక్షమయ్యాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడి, తీగ పీకేసి, ఆ రోజుకు సెలవు పెట్టి వెళ్లిపోయాడు. నా తొలి పరిచయం అలా ముగిసింది.

తరువాత ఆఫీసువాళ్లు పాత కంప్యూటర్లన్నీ వదిలించుకున్నారు. వాటిని ధర్మవరంలో రిపేరు అంగడి పెట్టుకున్న షఫీవుల్లా కొని, దుమ్ము దులిపి, మా డబ్బాను హేమావతికి ఇచ్చాడు. హేమావతి చీరల డిజైన్లు వేస్తుంది. అంచూ కొంగూ ఎలా రావాలో తెర మీద గళ్లలో నింపుతుంది. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు పడతాయి, ఆ అట్టలు మగ్గం మీది జకార్డు యంత్రానికి ఎక్కుతాయి, ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో అవే చెబుతాయి. నల్ల గడి ఉంటే పోగు లేస్తుంది, తెల్ల గడి ఉంటే లేవదు. మా లెక్క కూడా ఒకటీ సున్నాలదే కనుక ఆ ఇల్లు నాకు కొత్తగా అనిపించలేదు.

ఇవన్నీ నాకెలా తెలుసని అడుగుతారేమో. పిలుపు రానివాడికి వినడం తప్ప వేరే పనేముంటుంది?

హేమావతి భర్త మంజునాథ బస్సు కండక్టరు. నెమ్మదస్తుడు, శుభ్రం మనిషి. పాతికేళ్లుగా టికెట్టు లేనివాణ్ణి ఒక్కణ్ణి కూడా ఊరు దాటించలేదని ఆయనకు లోలోపల గర్వం. ఆయుధపూజకు ఆ వీధి మొత్తం మగ్గాలు దులుపుతుంది. ఏడాదిగా చేయి పడని వస్తువు ఏదున్నా ఆ రోజు మగ్గం గుంతలోంచి బయటికి రావలసిందే. హేమావతి ఇంట్లో మగ్గం లేదు, కంప్యూటరే ఆయుధం. ఆయన తెరను తుడిచి, మీటల మధ్య దుమ్ము ఊది, అంతటితో ఆగలేదు. లోపల కూడా దులుపుదామని ఒక వీడియో పెట్టుకుని డిస్కు జాబితా తెరిచాడు. సి ఉంది, డి ఉంది. మధ్యలో నేనున్నాను.

"హేమా, దీనికి పేరు లేదు, అక్షరం లేదు. ఊరికే అర జీబీ మింగి కూర్చోనుండాది" అన్నాడు.

వంటింట్లో ఆమె బొరుగులు కలుపుతోంది. "మనం పెట్టింది కాదు కదా, ఉండనీండి" అంది.

ఆయన ఉండనియ్యలేదు. టికెట్టు లేనివాణ్ణి దించేయడం ఆయన ధర్మం. వీడియోలో చెప్పిన నల్ల కిటికీ తెరిచి, చెప్పిన మాటలు తప్పు లేకుండా కొట్టి, నన్ను జాబితాలోంచి తీసేశాడు. తరువాత డబ్బాకు గంధం రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోశాడు. నాకు మాత్రం ఏమీ కాలేదు. జాబితాలోంచి కొట్టేసినంత మాత్రాన గది కూలిపోదు. నా మీద రాసినదంతా ఎక్కడిదక్కడే ఉంది. కాకపోతే నేనున్నానని కంప్యూటర్‌కు ఇక తెలియదు.

ఆ రోజుల్లోనే చౌడప్ప రావడం మొదలుపెట్టాడు. డెబ్భై ఆరేళ్ల నేతగాడు. కళ్లు రెండూ పోయాయి, వేళ్లు మాత్రం ఇంకా చురుకు. జకార్డులు రాకముందు, మగ్గం పక్కన కూర్చుని పోగులు చేత్తో లాగి అంచు తేల్చేవాళ్లట. అలా ఆయన తల్లి తేల్చిన అంచు ఒకటుంది. అది ఏ కాగితం మీదా లేదు, దాని చీర ఏ ఇంట్లోనూ మిగల్లేదు, చౌడప్ప తలలో ఉందంతే. చచ్చేలోగా ఆ అంచును ఒక్కసారి బట్ట మీద వేళ్లతో తడమాలని ఆయన కోరిక. ఇంకేమీ అడగలేదు.

ఇరవై ఒక్క మధ్యాహ్నాలు ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పాడు. "రెండెత్తు, ఒకటి ఇడువు, మూడెత్తు" అని తల్లి లాగే వరసలోనే చెప్పేవాడు. హేమావతి గళ్లు నింపేది. రోజూ పని అయ్యాక ఆ రోజు వరకు అయినదాన్ని రోజుకో ఫైలుగా డెస్క్‌టాప్ మీద దాచేది. డెస్క్‌టాప్ అంటే సి గదిలో గుమ్మం ముందరి జాగా. చేతికి అందుతుందని మనుషులు ప్రాణప్రదమైనవన్నీ అక్కడే పెడతారు, గది కూలితే మొదట పోయేవి అవేనని ఎవరూ అనుకోరు.

ఇరవై ఒకటో రోజు చివరి వరస చెప్పి చౌడప్ప తేలికగా లేచాడు. ఆమె దాచుతుండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి విండోస్ లేవలేదు.

ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి పద్ధతి ప్రకారం నా తలుపు తట్టడానికి వచ్చింది. తలుపు ఉండవలసిన చోట ఖాళీ జాగా అని రాసి ఉంది. నేను లోపలే ఉన్నాను. ఆఫీసులో నాలుగేళ్లు, ఈ ఇంట్లో నాలుగేళ్లు గడిచాక వచ్చిన మొదటి నిజమైన పిలుపు అది, నాకు పలికే దారి లేదు. ఆ క్షణంలో మంజునాథ మీద నాకు కోపం వచ్చిన మాట నిజం.

మర్నాడు పొద్దున షఫీవుల్లా వచ్చాడు. తెలిసిన మీటలన్నీ నొక్కి చూశాడు. బాగుచేసే దారులు ఒక్కటీ రాలేదు. బయటి నుంచి విండోస్ డిస్కు పెట్టండి అని మాత్రం తెర చెప్పింది.

"అక్కా, దీంట్లో రిపేరు గదే లేదు. నేనిచ్చినప్పుడు ఉండె. ఎవురో తీసేసినారు" అన్నాడు.

హేమావతి భర్త వైపు చూసింది. మంజునాథ డ్యూటీకి సంచి తగిలించుకుని గుమ్మంలో ఉన్నాడు. సంచి దించి లోపలికొచ్చాడు. "పండగ నాడు నేనే తీసేసినాను. దేనిదో తెలీక, ఎవురిదీ కాదనుకుంటి" అన్నాడు. ఆ పూట ఆయన బస్సు వేరే కండక్టరుతో పోయింది.

"సి అంతా తుడిచేసి ఫార్మాట్ కొడితే గంటలో లేస్తాది అక్కా. డి లో ఉండేవి యాడికీ పోవు."

"ఆ మాట నా ముందర అనొద్దు షఫీ. చౌడప్ప పెద్దనాయన అంచు సి లోనే ఉండాది."

"మళ్లా చెప్పించుకోలేవా?"

కబురు విని అప్పటికే మనవరాలి చేయి పట్టుకుని వచ్చి కూర్చున్న చౌడప్ప తల అడ్డంగా ఊపాడు. "ఇంగ నా తలకాయలో లేదప్పా. ఆయమ్మకు ఇచ్చేసినా కదా. నిన్న ఇంటికి పోయి మొదట్నించీ తలుచుకుందామని చూస్తి. ఒక్క వరస గూడా రాలే."

హేమావతి కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి మీటల బల్ల వైపు చూస్తూ నిలబడింది.

షఫీవుల్లా ఇక ఫార్మాట్ మాట ఎత్తలేదు. అంగడికి పోయి తన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. అందులో నాలాంటి గదే ఒకటి ఉంది. నా బంధువే అనుకోవచ్చు, కాస్త చిన్నవాడు. దానితో కంప్యూటర్‌ను లేపి, ముందు డెస్క్‌టాప్ మీదివన్నీ బయటికి కాపీ చేశాడు. ఆ తరువాతే విండోస్‌కు మరమ్మతు మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి అది లేచి కూర్చుంది. నేను చేయవలసిన పని వేరేవాడు చేస్తుంటే గోడ అవతల నుంచి వింటూ ఉన్నాను. బాగానే చేశాడు.

కానీ ఇరవై ఒకటో రోజు ఫైలు తెరుచుకోలేదు. ఇరవయ్యోదీ, పంతొమ్మిదోదీ అంతే. పద్దెనిమిదో రోజుది తెరుచుకుంది. మూడు మధ్యాహ్నాలు పోయాయి. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను జాబితాలో ఎప్పటిలాగే ఉండి ఉన్నా ఆ మూడు మధ్యాహ్నాలను తేలేకపోయేవాణ్ణి. నేను యంత్రాన్ని లేపగలను, అంతే. మంజునాథకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేక ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడో రోజు హేమావతి చౌడప్పను స్టూలు మీద కూర్చోబెట్టి, "పెద్దనాయనా, నువ్వేం చెప్పొద్దు. నేను చదువుతా, ఊరికే ఇను" అంది. మొదటి వరస నుంచి చదవసాగింది. రెండెత్తు, ఒకటి ఇడువు. ఆయన తల వంచుకుని విన్నాడు. కొంతసేపటికి ఆయన కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదిలాయి. ఆమె ఎత్తు అన్నప్పుడు లేస్తున్నాయి, ఇడువు అన్నప్పుడు వాలుతున్నాయి. ఇంకాసేపటికి ఆమె కంటే ముందే లేస్తున్నాయి.

పద్దెనిమిదో రోజు చివరి వరస దగ్గర ఆమె గొంతు ఆగింది. వేళ్లు ఆగలేదు.

"ఆగొద్దు పెద్దనాయనా" అంది మెల్లగా. ఆయనకేమీ వినిపించినట్టు లేదు. ఆమె మోకాలి మీద వేళ్లను చూస్తూ గళ్లు నింపింది. గుమ్మం దగ్గర మంజునాథ నిలబడ్డాడు. వీధిలో ఎవరో పిలిస్తే చేత్తోనే ఆగమన్నాడు. చివరి వరస అయ్యాక వేళ్లు వాటంతటవే నిలిచిపోయాయి.

ఆ సాయంత్రమే షఫీవుల్లా ఇంకో పెన్‌డ్రైవ్‌ను రిపేరు గదిగా మార్చి ఇచ్చాడు. మంజునాథ దాని మీద పెద్ద అక్షరాలతో పేరు రాశాడు. నా జాగాను ఖాళీగా ఉంచడమెందుకని షఫీవుల్లా సి గదిలో కలిపేశాడు. ఆయనను తప్పు పట్టను. పేరు లేనివాడి జాగా ఎప్పటికైనా పక్కింటివాడిదే.

నెల రోజులకు అట్టలు తయారై జకార్డుకు ఎక్కాయి, నేసిన మొదటి జానెడు బట్టను మగ్గంవాళ్లు కోసి తెచ్చారు. చౌడప్ప దాన్ని ఒళ్లో పరుచుకుని అంచు మీద బొటనవేలు నడిపాడు. మధ్యలో ఒకచోట ఆగాడు. వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆగాడు.

"ఈడ ఒక పోగు తప్పుండాది" అన్నాడు.

హేమావతి తెర మీద వెతికింది. ఉంది. వేళ్లను చూసి నింపిన మూడు మధ్యాహ్నాల భాగంలోనే, ఒక గడి. "నేను తప్పు చూసింటా పెద్దనాయనా. ఇప్పుడే దిద్దుతా. అట్టలు మళ్లీ కొట్టిస్తా."

"నువ్వు సరిగ్గానే చూసినావమ్మా. మా యమ్మ గూడా ప్రతిసారీ ఈడనే తప్పుతాండె" అన్నాడు ముసలాయన. బొటనవేలు ఆ పోగు మీద నుంచి తీయలేదు. "దిద్దొద్దు."

ఆమె దిద్దలేదు. ఫైలును ఉన్నది ఉన్నట్టే ఇంకోసారి దాచింది. డిస్కులో కొత్తగా కలిసిన జాగా నాదే కనుక అది వచ్చి నా మీద పడింది. విండోస్‌ను ఎలా లేపాలో చెప్పే వరసలు కొన్ని చెరిగిపోయాయి, ఏవో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆ చోట చౌడప్ప తల్లి అంచు ఉంది, తప్పిన పోగుతో సహా.