దివాన్ పక్క మూల

మా హాల్లో దివాన్ పక్క మూలలో ఉన్న వాసనతో నేను ఏడాదిపాటు యుద్ధం చేశాను. గెలవలేదని ముందే చెప్పేస్తున్నాను, ఎవరికీ లేనిపోని ఆశలు పెట్టడం నాకు చేతకాదు.

మాది మిర్యాలగూడలో కిరాయి ఇల్లు. పైన ఓనరు దేవిక గారు, కింద మేము. మేమంటే నేను, రైస్ మిల్లులో గుమాస్తాగా చేసే మా ఆయన శ్రీహరి, మా అత్తమ్మ సావిత్రి, భీముడు. భీముడు కుక్క. పేరు విని హడలిపోనక్కర్లేదు. ఎండిన బీరకాయలా ఉండేవాడు, పిల్లి కనబడితే నా చీర వెనక దాక్కునేవాడు.

మామయ్య పోయాక అత్తమ్మ మాట మానేసింది, తిండి మానేసింది. ఎవరు బతిమాలినా కంచం ముట్టలేదు. ఒకరోజు వీధిలోంచి వచ్చి గడపలో పడుకున్న కుక్కపిల్లకు తన కంచంలోంచి ఒక ముద్ద పెట్టింది. అది తిన్నాక తనూ ఒక ముద్ద తిన్నది. అప్పట్నుంచి వాడు తింటేనే ఆమె తినేది. అందుకే వాడు ఏం చేసినా పంపేద్దామన్న మాట మా ఇంట్లో రాలేదు.

ఒక ముసురు రోజు బయటికి పోలేక వాడు ఆ మూలలో కాలెత్తాడు. సరే, కుక్క అన్నాక ఒకసారి తప్పదు అనుకున్నాను. ఆ ఒకసారి రోజువారీ అయింది. ఫినాయిల్‌తో కడిగాను. వంటసోడా చల్లి రుద్దాను. దివాన్ మీది పరుపు డాబా మీదికి మోసుకెళ్లి ఎండబెట్టాను. ఫోన్లో ఎవరో అమ్మాయి చెప్పిందని వెనిగర్ పోస్తే బండల నునుపు పోయి తెల్లటి మచ్చ తేలింది. నాపరాయికి పులుపు పడదట, ఆ ముక్క ఆ మహాతల్లి చెప్పి చావలేదు.

నేను కడిగి తుడవగానే అత్తమ్మ వచ్చేది, పూజా సామాన్ల దుకాణంలో కొన్న గోమూత్రం సీసా పట్టుకుని. పక్కనే దేవుడి గది, మైల అంటుతుందని ఆమె బాధ. మూలలో, దివాన్ కోళ్ల మీద భక్తిగా చల్లి, భీముడి నెత్తిన కూడా రెండు చుక్కలు వేసేది. ఇగ నా కొడుకు సక్కగుంటడు అనేది. ఆ కొడుకు సాయంత్రానికల్లా వెళ్లి సరిగ్గా అక్కడే కాలెత్తేవాడు.

దేవిక గారు మంచావిడే. ఆవిడ ముక్కు కూడా మంచిదే, అదే మా ఖర్మ. నెలాఖరులోగా కుక్కన్నా పోవాలి, మీరన్నా పోవాలి అని చెప్పేసింది. వేరే ఇళ్లు వెతికాం. కుక్క ఉందనగానే గేటు దగ్గరే మొహం మీద చెప్పి పంపించారు.

చివరికి సూర్యాపేటలో కుక్కల డాక్టరు ఉన్నాడంటే బస్సెక్కి పోయాను. కడిగాక అక్కడ ఏం వేస్తున్నారమ్మా అని అడిగాడాయన. చెప్పాను. పాపం, నవ్వలేదు.

"అది పవిత్రమని కుక్కకు తెల్వదు గదమ్మా. ఎవరో వచ్చి తన జాగల పోసిపోయిన్రు అనుకుంటది. మళ్ల తన వాసన వేస్తెగాని దానికి నిమ్మళం ఉండదు."

సీసా మానేసి, తానిచ్చిన మందు పోసి నానబెట్టి కడిగితే వాసన మూలంతో సహా పోతుందని, వాడూ ఆ చోటు మరిచిపోతాడని చెప్పాడు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే నాకు నవ్వొచ్చింది, ఒళ్లు మండింది, పిచ్చి ఆశ కూడా పుట్టింది. అత్తమ్మను ఎలా దులపాలో ఒక్కో మాటా సిద్ధం చేసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి భీముడు లేడు. దేవిక గారి వియ్యాలవారు వచ్చి మెట్ల దగ్గరే ముక్కులు మూసుకున్నారట. ఆవిడ కిందికి దిగొచ్చి మా ఆయన్ని నానా మాటలూ అన్నదట. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పాలకీడు పోతున్న మిల్లు వ్యానులో వాణ్ని ఎక్కించి, అక్కడ పొలంలో ఉండే మల్సూర్ అనే తెలిసినాయన దగ్గరికి పంపేశాడు. రెండు రోజుల్లో తెచ్చేస్తానంటే అత్తమ్మ నమ్మి, పెరుగన్నం తినిపించి తనే ఎక్కించిందట. నేను మా ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మల్సూర్‌కు ఫోన్ చేస్తే, వచ్చిన కాసేపటికే తాడు కొరుక్కుని పోయాడన్నాడు. తెల్లారి బండి మీద పోయాం. కాలువ గట్లన్నీ తిరిగాం. మఠంపల్లి సిమెంటు లారీలు పోయే రోడ్డు పొడుగునా ఫొటో చూపించి అడిగాం. ఒక హోటలాయన ముందుకు పోయి చూడమన్నాడు. వాడే. మిర్యాలగూడ వైపే వస్తూ లారీ కింద పడ్డాడు. మా ఆయన రోడ్డు పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలి కూడా కలగలేదు.

అత్తమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఏడవలేదు. లోపలికెళ్లి పడుకుంది.

ఊరికే కూర్చోలేక నేను ఆ మందు పోసి, నానబెట్టి కడిగాను. నిజంగానే వాసన పోయింది. దేవిక గారు వచ్చి చూసి, హాయిగా ఉంది కదా అని మెచ్చుకుని పోయింది. అత్తమ్మ ఆనాటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఈరోజు లేచి వచ్చి ఆ మూలలో కూర్చుంది. నేను అన్నం కలిపి పక్కన కూర్చున్నాను. ఆమె వంగి బండను వాసన చూసింది.

"సూడు బిడ్డా, ఆఖరుకు గోమూత్రం పనిచేసింది. సీసా ఖతమైతదని నేనే సుక్క సుక్క సల్లిన. నిండ సల్లితే వాడు ఈడనే ఉండేటోడు."

డాక్టరు మాట నా గొంతు దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి నేను నోరు మూసుకున్నాను.

"మీరు బాగానే చల్లారు అత్తమ్మా."

"లేదు బిడ్డా, తక్కువాయె," అని ముద్ద ముట్టకుండానే కంచాన్ని నా వైపు జరిపింది.