మంగతాయారు చేతి పురుగుపుల్ల

నేను ఒక పురుగుపుల్లను. పేరు వినగానే ముఖం చిట్లించకండి. ముడతలు పోవాలని మీరు ముఖానికి రాసుకునే, బలం రావాలని నాలుక కింద పెట్టుకునే రాయల్ జెల్లీ నాతోనే మొదలవుతుంది. జానెడు వెదురు ఒళ్లు, కొసన గోరుకంటే పలచని నాలుక, వెనక బాల్‌పెన్నుకున్నట్టు ఓ స్ప్రింగు. ఏదో కార్ఖానాలో నాలాంటివి వేలకొద్దీ పుట్టాయి. నేను మాత్రం గోదావరి మెట్టలో ముప్పై తేనెటీగల పెట్టెలున్న సూరిబాబు షెడ్డుకు చేరాను.

నా పని చెబుతాను. పుట్టి ఒక్క రోజైనా నిండని ఈగ పిల్లపురుగును పట్టు గదిలోంచి ఎత్తి, వేలి కొసంత ప్లాస్టిక్ గిన్నెలో దింపాలి. ఆ గిన్నెలు బిగించిన బద్దను పెట్టెలో రాణి లేని అరలో పెడతారు. తమకు తల్లి లేదని ఈగలు కంగారుపడి, కొత్త రాణిని పెంచుకోవాలని గిన్నెల నిండా జెల్లీ పోస్తాయి. మూడో రోజు మనుషులొచ్చి పురుగును పారేసి జెల్లీ తీసుకుంటారు. నేను ఎత్తిన ప్రతి పిల్లా మూడు రోజులు రాకుమారి, ఆ తర్వాత చీమలపాలు. ఒక్కటీ రాణి కాలేదు.

ఎత్తే పిల్ల కంటికి ఆనీ ఆననంత చిన్నదై ఉండాలి. ముదిరినదాన్ని పెడితే ఈగలు సగం గిన్నెలు వదిలేస్తాయి, జెల్లీ తగ్గిపోతుంది. అందుకే ఈ పని సూరిబాబు వదిన మంగతాయారు ఒక్కతే చేసేది. భర్త పోయాక, పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీంచి పడి నడుం దెబ్బతిని, మరిది ఇంట్లో ఉంటున్న మనిషి. "మా వొదిన చెయ్యి పడితే వంద గిన్నెలకి తొంభై నిండాల్సిందేనండి" అని సూరిబాబు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట ఉండబట్టే ఆమె ఆ ఇంట్లో తలెత్తుకుని అన్నం తినేది.

నేనొచ్చిన ఐదో ఏట ఆమె కళ్లు మసకబారాయి. ముందు తెలిసింది నాకే. ఒకరోజు పిల్లలు కంటికి ఆనక నాతో గది అడుగు గీరింది. రెండు పిల్లలు చితికాయి. మర్నాటి నుంచి కనిపించినవాటినే ఎత్తడం మొదలుపెట్టింది. కనిపించేవంటే మూడు రోజులవి, బొద్దుగా ఉన్నవి. మోసేది నేను, బరువు నాకు తెలియదా? నోరుంటే అరిచి చెప్పేదాన్ని. ఆమె మాత్రం ఎవరితోనూ అనలేదు.

సీసాలో జెల్లీ సగానికి పడింది. సూరిబాబు మంచి పనివాడే పాపం, కారణాలన్నీ వెతికాడు. పుప్పొడి చాలడం లేదేమోనని పెట్టెల్ని మొక్కజొన్న చేలకు మార్చాడు. పంచదార పాకం పెంచాడు. ఎండకని గోనెపట్టాలు తడిపి కప్పాడు. పిల్లల్ని సాకే పడుచు ఈగలు తక్కువయ్యాయేమోనని పక్క పెట్టెల్లోంచి తెచ్చి కలిపాడు. వదిన చెయ్యి ఒక్కటే చూడలేదు. అంత నమ్మకం మరి!

చివరికి రాణుల మీద పడ్డాడు. ముసలివైపోయాయని ఒక్కోదాన్నీ పట్టుకుని బొటనవేలి కింద నలిపాడు. అలా ఐదు పోయాయి. ప్రతిసారీ మంగతాయారు అటు చూడకుండా నన్ను తుడుస్తూ కూర్చుంది.

ఆరోది, ఆమె పిల్లపురుగుల్ని ఎత్తుకునే పెట్టెలోని రాణి. దాన్ని చంపడానికి చెయ్యి రాక, రెండు వేళ్ల మధ్య పట్టుకుని షెడ్డులోకి తెచ్చాడు.

"చూడొదినా, రెక్కలు అరిగిపోయాయా? నువ్వు చెబితే ఉంచేత్తాను."

ఆమె ముఖం దగ్గరగా పెట్టి చూసింది. రాణి రెక్కలు నిగనిగలాడుతున్నాయి. ఆమెకు కనిపించింది ఓ పసుపు మరక. కళ్లు ఆనడం లేదని ఒక్క మాటంటే ఆ ప్రాణం నిలిచేది.

"ముసల్దయిపోయింది సూరీ. తీసెయ్."

ఆ క్షణాన ఆమె మీద నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

సూరిబాబు కొని తెచ్చిన కొత్త రాణిని ఆ పెట్టెలో ఈగలు ఒప్పుకోలేదు. చుట్టూ మూగి చంపేశాయి. కొత్త రాణి కుదురుకునేదాకా పెట్టె జోలికి పోవద్దనుకున్నారు కాబట్టి సంగతి ఎవరికీ తెలియలేదు. మూడు వారాలయ్యాక మంగతాయారు ఆ పెట్టెలోంచే పట్టు తీసి, ఒళ్లో పెట్టుకుని, నన్ను అందుకుంది.

గదులన్నీ ఖాళీ. గుడ్డు లేదు, పిల్ల లేదు. నేను గదిలోకి దిగాను, లేచాను, గిన్నె అడుగున నాలుక ఆనించాను. ఏమీ దింపలేదు. మళ్లీ దిగాను. ఆమె ఊపిరి బిగబట్టి, ఎప్పటంత జాగ్రత్తగా, ఒక్కో గిన్నెకూ ఒక్కో శూన్యాన్ని ఎత్తి పెడుతోంది. పిల్లలు ఎండిపోకుండా గిన్నెల మీద కప్పే తడిగుడ్డ తెచ్చిన సూరిబాబు ఆమె భుజం వెనక నిలబడిపోయాడు. చూడవలసిందంతా చూశాడు.

"ఇయ్యాల పురుగులు బాగున్నాయి సూరీ" అంది ఆమె, తల తిప్పకుండా.

అతను నన్ను ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, గట్టిగా దగ్గి, ఆ చప్పుడులో నన్ను రెండుగా విరిచాడు.

"పుల్ల విరిగిపోయిందొదినా. ఎప్పుడో పగిలినట్టుంది. ఇన్నాళ్లూ దీనివల్లే జెల్లీ తగ్గింది. నీ చేతిది కాదు."

బజార్లో డజన్లకొద్దీ దొరికే నేను దోషినయ్యాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మంగతాయారు నా ముక్కలు అడిగి తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో తడిమింది. విరుపు పచ్చిగా, గరుకుగా ఉంది. ఆమె వేళ్లకు అది పాతదో కొత్తదో తెలియకపోదు.

"తప్పు పుల్లదైతే, ఆ ఆరో రాణిని చంపించిందెవరు సూరీ?" అంది.

అతను ఖాళీ గిన్నెల మీద తడిగుడ్డ కప్పాడు.