కొంగులో నాలుగో బోల్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అరసికెరెలో అందరూ అంటారు. ఉంటుంది మరి! రెండేళ్ళు చినుకు రాలని నేల మీద వాన దంచి కొట్టి, చుట్టుపక్కల చేలన్నీ విత్తుకుంటూ ఉంటే, నా చేని గట్టున మాత్రం ట్రాక్టరు చచ్చి నిలబడితే ఎవరికి రాదు కోపం?

ట్రాక్టరూ, దాని వెనక తగిలించే విత్తనాల గొర్రూ మా బావ మల్లేశప్పవి. నా మొగుడు చిన్నన్నకు సొంత అన్న. కరువులో ఊళ్ళో ఎద్దులన్నీ సంతకు పోయాయి, మావి కూడా. చిన్నన్న బెంగళూరికి మట్టిపనికి పోయాడు. నేను మిషను తొక్కి రవికెలు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చాను. ఎంత ఆకలైనా అటక మీది విత్తనం శెనక్కాయలు మాత్రం ముట్టలేదు. పిల్లలు ఏడ్చినా ఒక్క గింజ వేయించి పెట్టలేదు. వాన పడిన మరుసటి పొద్దునే కాయలన్నీ వలిచేశాను. వలిచిన గింజ నిలవ ఉండదు, మా ఎర్రనేలలో విత్తడానికి కావలసిన తడి పదును మూడు రోజులకు మించి ఆగదు. ఆ మూడు రోజుల్లో నా మూడెకరాలు విత్తకపోతే ఆ ఏడు పంట లేదు, చిన్నన్నకు బెంగళూరు తప్పదు.

మొదటి రోజు బావ తన చేను విత్తుకున్నాడు. సరే, బండి ఆయనది. రెండో రోజు పొద్దున నా గట్టు దగ్గరకు వచ్చేసరికి ఇంజను ఆవిర్లు కక్కింది. వై.ఎన్. హొసకోట నుంచి మెకానిక్ గుండప్పను పిలిపించాం. అతను సైకిలు మీద వచ్చి, ఇంజనులోకి నీళ్ళు పోయే గొట్టం మూతి విప్పాడు. రెండు ఇనుముల నడుమ నీళ్ళు కారకుండా పెట్టే ప్యాకింగు చివికి పొడి పొడి అయిపోయి ఉంది.

"ప్యాకింగు షీటుంటే ఈడనే కోసి పెడుదునక్కా," అన్నాడు గుండప్ప. "వాన పడినాక తాలూకాలో బండ్లన్నీ ఒగేసారి లేచినాయి. నా కాడ షీటు ముక్క గూడా లేదు. ఎల్లుండి హిందూపురం నుంచి తెస్తా."

"ఎల్లుండికి పదునుంటాదా బావా?" అన్నాను.

"బండి అన్నాక రిపేరు రాదా? ఎల్లుండి చూస్తాంలే," అన్నాడు మా బావ, వక్క నములుకుంటూ.

తన చేను అయిపోయింది కదా! ఎద్దు పుండు కాకికి నొప్పా? నాకు కడుపు మండిపోయింది.

"అయ్యవారొచ్చేదాకా అమాస ఆగుతాదా? కోసేదే గదప్పా గుండప్పా? కోసే పని నాది. ఎట్ల కోస్తారో చెప్పు."

బావ పకపకా నవ్వాడు. "ఇది రవికె గాదమ్మే, ఇంజను."

గుండప్ప నవ్వలేదు. మందపాటి అట్టయినా రెండు మూడు రోజులు ఆగుతుందన్నాడు. ఇనుము మూతికి నల్ల గ్రీసు పూసి అట్ట మీద ఒత్తితే అచ్చు పడుతుంది. ఆ అచ్చు ప్రకారం కోయాలి. మూలలకు బోల్టు కంతలు నాలుగు, నడుమ నీళ్ళ కంత ఒకటి. రెండు పక్కలా గ్రీసు రాసి బిగించాలి. ఇదంతా చెప్పి, ఒక స్పానరు నా చేతిలో పెట్టి, బలసముద్రంలో ఇంకో బండి ఉందని వెళ్ళిపోయాడు.

రవికెల వీపు కొలతకు పెట్టుకున్న అట్ట తెచ్చి అచ్చు ఒత్తి కోశాను. బిగించాను. బోరు దగ్గర నుంచి నాలుగు బిందెలు మోసి నీళ్ళు పోశాను. బావ స్టార్టు చేశాడు. ఒక్క చుక్క కారలేదు. నేను మురిసిపోయేలోపలే ఇంజను మళ్ళీ కుతకుతా ఉడికింది.

"చెప్తే వింటివా? ఇంజను పట్టేసింటే నీ సూదితో కుట్టిస్తుంటివా?" అని బావ ఎగిరిపడి, బీడీ ముట్టించుకుని ఇంటికి పోయాడు.

చల్లారాక విప్పి చూశాను. తప్పు నాదే. ఇరవై ఏళ్ళ అలవాటు! గుడ్డను ఏనాడూ గీత మీద కోయను. లోపల కాలంగుళం వదులుతాను, రేపు మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పుకోవడానికి. నీళ్ళ కంతకు కూడా అట్లాగే వదిలాను. ఆ అంచు నీళ్ళకు నాని మెత్తబడి కంతకు అడ్డం పడింది. ఇంజను ఒళ్ళు చేస్తుందా, దరిద్రపుదానా? నన్ను నేను తిట్టుకున్న తిట్లు బావనైనా తిట్టలేదు.

మూడో రోజు పొద్దున ఇంకో అట్ట తీసి, ఈసారి సరిగ్గా గీత మీదే కోశాను. నేను బిగిస్తుంటే బావ వచ్చి వంగి చూశాడు. పని జరిగేటట్టుందని ఆయనకూ అర్థమైంది.

"ఇది నిలబడితే ఫస్టు శ్రీరామప్ప చేనికి పోవల్ల. మాటిచ్చినా. నీది మాపటికి చూస్తాం," అన్నాడు.

శ్రీరామప్పకు నలభై ఎకరాలు. మాపటికి నా నేలలో పదును కాదు, దుమ్ము ఉంటుంది. నా చెయ్యి ఆగిపోయింది. మూడు బోల్టులు బిగించి ఉన్నాయి. నాలుగోది కొంగులో ముడి వేసి లేచాను.

"ఇంగోటి యాడమ్మే?"

"నా కొంగులో ఉండాది. మూడింటితోనే తోలుకో పో. ఊరు దాటకముందే నీళ్ళన్నీ కారిపోతాయి."

"ఏంది, నా బండికే అడ్డం పడతావా?"

"పడతా! నా చేని గట్టున నిలబడి, నా అట్టతో బాగు చేయించుకుని, ఇంగొగని చేనికి పోతావా? సిగ్గుండాదా నీకు? ముందు నా గింజ గొర్రులో పోస్తా, టెంకాయ కొడతా. ఆమైననే బోల్టు బిగించేది."

మా దిక్కున పూజ చేసి గింజ పోసిన గొర్రును ఆ చేను ముగియకుండా గట్టు దాటించరు. దాటించినవాడి ఇంట్లో గాదె నిండదని మా అత్త చెప్పేది. అత్త అంటే ఆయన కన్నతల్లే. బావకు అది తెలుసు, నాకూ తెలుసు. పక్క చేలలో ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. బావ ముఖం కందగడ్డ అయింది.

"పోయ్. పోసి సావు," అన్నాడు.

గింజ పోశాను, పసుపూ కుంకుమా పెట్టాను, టెంకాయ కొట్టాను. అప్పుడు ముడి విప్పి బోల్టు బిగించాను. మధ్యాహ్నం తిరిగేసరికి మూడెకరాలూ విత్తడం అయిపోయింది.

ఎనిమిదో రోజుకు మొలక లేచింది. చిన్నన్నకు రమ్మని కార్డు రాయించి వస్తుంటే, బావ నా గట్టున బండి ఆపి, నలుగురిని నిలబెట్టుకుని చెబుతున్నాడు. "మా తమ్ముడు ఊళ్ళో లేడు గదా అని, నా చేతి పనులన్నీ ఇడిసిపెట్టి ముందు ఈ చేను విత్తించినా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బావా," అన్నాను, "గుండప్ప స్పానరు ఇంగా నా కాడనే ఉండాది."