గోడ ఎక్కని రాయి

నేను ఒక రాయిని. మాచు పిచ్చు అనే పాడుబడ్డ కొండ ఊరి గోడలు చూడాలని మీరు సముద్రాలు దాటి వస్తారే, ఆ గోడల్లో మాత్రం లేను. వాటికి ఎదురుగా, దారి పక్కన పడి ఉన్నాను.

ఇంకా రాజుల కాలపు పనివాడొకడు నన్ను కొండ నుంచి విడదీసి, నెలల తరబడి రాతితో కొట్టి, ఇసుకతో రుద్ది నునుపు చేశాడు. నెత్తిన మరో రాయి కూర్చోవడానికి చిన్న గుంట తీశాడు. ఇక గోడ మీదికి ఎత్తడమే తరువాయి. ఎత్తాల్సిన రోజు పనివాళ్లు రాలేదు. మర్నాడూ రాలేదు. ఊరు ఖాళీ అయిపోయిందని నాకు అర్థమయ్యేసరికి నా చుట్టూ గడ్డి మొలిచింది.

ఇప్పుడు రోజూ జనమే. గోడల సందుల్లో కత్తి మొన కూడా దూరదని నోళ్లు వెళ్లబెట్టి, ఫొటోలు దిగి, కాళ్లు పీకాక వచ్చి నా మీద కూలబడతారు. రాళ్లకు దిగులేమిటని మీరు అనుకుంటే అనుకోండి, నాకుంది.

మొన్నామధ్య అనకాపల్లి నుంచి ఒక జంట వచ్చింది. ఊరూరా బదిలీల మీద తిరిగి రిటైరైన సన్యాసిరావు, ఆయన భార్య వరహాలమ్మ. (వాళ్ల భాష నీకెలా వచ్చిందంటారా? వినడం తప్ప నాకు వేరే పనేముంది?) ఆవిడ గులకరాళ్లు ఏరి, నా నెత్తిన ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది. వాళ్ల వైపు కొండ మీది దేవుడి మెట్ల దారిలో, సొంతిల్లు కావాలని అలాగే మొక్కుకుంటారట.

"ఇక్కడ ఇల్లు కడితే నీళ్లెవులు మోస్తారే?" అని ఆయన నవ్వాడు.

"నవ్వకండి. అద్దింట్లో మనిషి పోతే ఏటవుతాదో తెల్దా మీకు? శవాన్ని గుమ్మం లోపల ఉంచనీరు. మా బావగార్ని వీధిలోనే కదేటి పడుకోబెట్టారు. మీకా గతి పట్టకూడదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపు వెతికి, చదునైన రాయి ఒకటి తెచ్చి, ఆ దొంతి మీద కప్పులా పెట్టాడు.

అంతలో కాపలాదారు వచ్చాడు. ఇక్కడి రాళ్లు కదపకూడదని తన భాషలో చెప్పి, దొంతిని ఒక్కొక్క రాయిగా దింపి గడ్డిలో పడేశాడు.

"పోనీలే, పద. బస్సెల్లిపోద్ది" అన్నాడు సన్యాసిరావు. ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

అట్టడుగు గులకరాయి మాత్రం నా గుంటలో ఒదిగిపోయి కాపలాదారు కంట పడలేదు. ఇన్ని వందల ఏళ్లకు నా నెత్తిన ఒక రాయి కూర్చుంది. వాన పడ్డప్పుడల్లా అది కొట్టుకుపోతుందేమోనని భయం వేస్తుంది. వాళ్లకు ఇల్లు అమరిందో లేదో నాకు తెలిసే దారి లేదు. పునాది మాత్రం జారనివ్వకుండా మోస్తున్నాను.