సత్యవతమ్మ గిన్నె

అచ్చమ్మ చుట్టకుదురు సర్దుకుని, చేపల గంప నెత్తికెత్తుకుని, సత్యవతమ్మ గుడిసె ముందు నుంచి కాకుండా ఉప్పుటేరు గట్టు మీదుగా బందరుకు బయలుదేరింది. చుట్టుదారి. అయినా మూడు నెలలుగా అదే దారి. ఎందుకో తన ఊరు గిలకలదిండిలో ఎవరికీ చెప్పలేదు.

కారణం ఒక కంచుగిన్నె. నిరుడు గాలివానకు మొగుడు ఏడుకొండలు వెళ్లిన పడవ తిరిగి రాలేదు. ఆ దిగులు మీద జ్వరం పట్టుకుని అచ్చమ్మ రెండు నెలలు మంచం దిగలేదు. యుద్ధంతో రంగూన్ బియ్యం రావడం ఆగిపోయి, ఉన్నవాళ్లే నూకలు కాచుకుంటున్న రోజులు. అయినవాళ్లు గుమ్మం దాకా వచ్చి పలకరించి పోయారు. వలలు బాగుచేసి పొట్టపోసుకునే ముసలి సత్యవతమ్మ మాత్రం, ఏ చుట్టరికమూ లేకపోయినా, రోజూ ఆ గిన్నెతో గంజి తెచ్చి తాగించింది. అచ్చమ్మ లేచి నిలబడ్డ రోజున ఆ సంతోషంలో ఆవిడ గిన్నె అక్కడే మరిచి వెళ్లింది.

పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని అచ్చమ్మకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. గుప్పెడు ఎండురొయ్యలు వేసి ఇచ్చినా సత్యవతమ్మ కళ్లకద్దుకునేది. కానీ ప్రాణం నిలబెట్టిన మనిషికి ఎండురొయ్యలా? ఖరీదైన పండుగప్ప చేప పులుసు పోసి ఇవ్వాలని పంతం పట్టింది. పండుగప్ప దొరికిన రోజున ఇంట్లో నూకలు లేక అమ్ముకునేది. ఉత్త చేతులతో ఎదురుపడలేక దారి మార్చుకుంది. అది అభిమానమనుకుంది గానీ, వట్టి పిచ్చితనం.

ఇవాళ గంప అడుగున పండుగప్ప ఉంది. మూరెడు పొడవు, వెండి పొలుసులు, ఇంకా ఎర్రగా ఉన్న మొప్పలు. బందరులో బియ్యం కొట్టు భుజంగరావు గారు అరుగు దిగి వచ్చి చూసి, కుంచెడు బియ్యం కొలిపిస్తానన్నారు. అచ్చమ్మ ఒక్క క్షణం తడబడింది.

"ఇది అమ్మేది కాదండీ. మా పిన్నికి."

ఆయన అడగకపోయినా గంజి సంగతంతా చెప్పింది. ఆవిడ లేకపోతే ఈపాటికి బూడిదైపోయేదాన్నని కూడా చెప్పింది. తిరుగుదారిలో కాళ్లు తేలిగ్గా పడ్డాయి.

ఇంటికొచ్చి పులుసు కాచింది. కంచుగిన్నెను చింతపండు వేసి మిలమిలలాడేలా తోమింది. పొయ్యి మీంచి దించగానే తీసుకెళ్లవచ్చు. కానీ చేపల పులుసు ఊరితేనే రుచి. మూడు నెలలు ఆగిన మనిషికి ఓ గంట ఎంతలే అనుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా, వెచ్చటి గిన్నెను కొంగుతో పట్టుకుని వెళ్లేసరికి సత్యవతమ్మ గుడిసె ముందు నలుగురు నిలబడి ఉన్నారు. పక్కింటి రత్నం ఎదురొచ్చింది.

"ఇప్పుడే వదినా. వల కుడతా కుడతా అట్టా ఒరిగిపోయింది."

రత్నం అచ్చమ్మ చేతిలోకి చూసి గొంతు తగ్గించింది.

"ఆ గిన్నె నేనడిగి తెస్తానంటే వద్దనేది. పిల్ల ఇంకా తేరుకోలేదు, ఉంచుకోనియ్యి అనేది."

ఆ గుడిసె లోపలికి అచ్చమ్మ ఎన్నడూ వెళ్లలేదు. ఎప్పుడూ ఆవిడే వచ్చేది. ఇప్పుడు వంగి లోపల అడుగుపెట్టింది. ఆవిడను పడుకోబెట్టిన చాప, ఒక కుండ, సగం కుట్టిన వల. గిన్నె అన్నది మరొకటి లేదు. పిన్నీ, నీ గంజితో బతికాను అని చెప్పడానికి పండుగప్ప ఎందుకు? బియ్యం కొట్టాయనకు చెప్పిన మాట ఈవిడకు ఒక్కసారి చెప్పలేకపోయింది.

చాప పక్కన, అంచులు నునుపెక్కిన కొబ్బరిచిప్ప ఒకటి ఉంది. దాని అడుగున పొద్దుటి గంజి ఇంకా పూర్తిగా ఆరలేదు.