బ్యాటరీలు నిద్రపోయే రోజు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున నది మీద మబ్బు చిరిగి ఇంత ఎండ జారింది, అంతలోనే మూసుకుపోయింది. గాలి లేదు. పోటు మీదున్న మాత్లా నది కరకట్టను నాకుతోంది.

భాద్ర మాసం ఆఖరి రోజు. దీవిలో ఏ ఇంటి మీదా పొగ లేదు. ఆ రోజు పొయ్యి వెలిగించరు. రాత్రే వండి నీళ్ళు పోసిన అన్నం తింటారు. పొయ్యి అలికి, ముగ్గు పెట్టి, పాముల తల్లి మానసాదేవి పేర ఒక కొమ్మ నిలిపి దండం పెడతారు. ఏడాదంతా మండినదానికి ఒక్క రోజు విశ్రాంతి.

తరులత మాత్రం పొయ్యి కంటే ముందు ఊరి బ్యాటరీ గదికి వెళ్ళింది. బ్యాటరీల నుంచి దీపాలకు పోయే తీగ ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది. ఆ గది కప్పు మీద సోలార్ పలకలు పెట్టిన తొలి ఏడే ఆమె అత్త ఖ్యాంతమణి తీర్పు చెప్పేసింది: "వాటి కడుపులోనూ నిప్పే కదుటే. పొయ్యికో నీతి, వాటికో నీతీనా?" అప్పట్నుంచీ బ్యాటరీలకూ ఆ రోజు సెలవే. వాటికి నీళ్ళు పోసేది, తుడిచేది తరులత. ఆమె చీరలన్నిటికీ అంచున యాసిడ్ చిల్లులు.

పోటుతోపాటే పడవ వచ్చింది. కానింగ్ పట్నం నుంచి కాంట్రాక్టరు పరిమల్ హాజ్రా, ముగ్గురు కూలీలు. హాజ్రా నేరుగా గదిలోకి పోయి స్విచ్చి వేశాడు. దీపం వెలగలేదు. మళ్ళీ వేశాడు.

"చచ్చాయి. లైను కరెంటు వచ్చిన ఊళ్ళలో చచ్చిన బ్యాటరీలు తీసెయ్యమని పైనుంచి మాట. బతికినవైతే వదిలేద్దును. ఎత్తండ్రా."

"చావలేదు బాబూ," అంది తరులత. "పడుకున్నాయి. ఇవాళ పొయ్యి పండగ."

హాజ్రా పగలబడి నవ్వాడు. "బ్యాటరీలకి పండగా! రేపు బారసాల కూడా చేస్తారేమిటి?"

"చేస్తాం. నీకు పిలుపు రాదులే."

మాట విసిరిందే గాని అవి పోతే ఏమవుతుందో తరులతకు తెలుసు. లైను కరెంటు వచ్చిన మాట నిజమే. గాలి లేచిందంటే ముందు పోయేది అదే, ఆఖరున వచ్చేదీ అదే. కిందటి తుఫానులో దక్షిణం వైపు కట్ట తెగినప్పుడు ఊరంతా ఈ బ్యాటరీల దీపాల వెలుగులోనే వెదుళ్ళు దిగేసి మట్టి మోసింది. చీకట్లో కట్ట కట్టిన మనిషి లేడు. ఉప్పునీరు ఒక్కసారి పొలమెక్కితే మూడేళ్ళు గడ్డి కూడా మొలవదు.

పక్కింటి ఝర్నా చెవిలో గొణిగింది. "పెట్టెయ్యవే ఫ్యూజు. ఒక్క దీపం వెలిగించి చూపించు, పీడా పోతుంది."

మెట్ల దగ్గరున్న ముసలావిడ ఖ్యాంతమణి చెవులకు అది తగిలింది. "పెడితే నా పీనుగు దాటి పెట్టండి. పాముల తల్లి రోజిది. రేపు పొలంలో ఎవడి కాలికి ఏం చుట్టుకున్నా నువ్వు జవాబు చెప్తావా?"

తరులత చెయ్యి కొంగు ముడి దాకా పోయి ఆగింది. వెలిగిస్తే ఊరంతటి మొక్కూ తన చేత్తో తెగుతుంది. వెలిగించకపోతే దీపాలే పోతాయి. ఏం తోచక నది వైపు చూసింది. పడవలో అడుగంతా ఎండుగడ్డి పరిచి ఉంది. దాని మీద మడతలు పెట్టిన గోనెలు.

"తమ్ముడూ, ఆ గడ్డెందుకు?" అని దగ్గరున్న కూలీని అడిగింది. వాడి పేరు జగాయి.

"ఒకదానికొకటి ఒరుసుకోకుండా దీదీ. పెంకు బీటేస్తే కూలి కోస్తానన్నాడు బాబు."

తరులత హాజ్రా వైపు తిరిగింది. "చచ్చినదానికి పరుపేమిటి బాబూ? పాడె మోసేవాళ్ళు శవానికి పక్క మెత్తగా ఉందా లేదా అని చూస్తారా?"

ముందు జగాయే నవ్వాడు. తరవాత చుట్టూ చేరిన ఆడవాళ్ళు. హాజ్రా మొహం కందగడ్డ అయింది.

"బతికున్నాయని, అమ్ముకుంటే డబ్బొస్తుందని మాకంటే నీకే బాగా తెలుసు," అందామె. "తెలిసినవాడికి దీపం పెట్టి చూపించడమెందుకు? ఇవాళ వెలిగించం."

"ఎత్తండ్రా అంటుంటే!"

తరులత గడప మీద కూర్చుంది. ఝర్నా వచ్చి ఆనుకుని కూర్చుంది. చూస్తుండగానే గుమ్మం, అరుగు, మెట్లు ఆడవాళ్ళతో నిండిపోయాయి. ఖ్యాంతమణి మెట్టు మీద కాళ్ళు బారజాపుకుంది.

"ఆడవాళ్ళని దాటుకుని పోను బాబూ," అన్నాడు జగాయి. "అందులోనూ ఇవాళ. మా ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు."

"పోలీసు లాంచీ తెప్పిస్తాను! ఊరికి కరెంటు కోయిస్తాను!"

"నీకా శ్రమ ఎందుకు నాయనా, గాలే కోస్తుంది," అంది ముసలావిడ.

హాజ్రా తిట్టాడు, బతిమాలాడు, కొత్త పంపు ఇప్పిస్తానన్నాడు, మళ్ళీ తిట్టాడు. తరులత ప్రతి మాటకూ మాట ఇస్తూనే ఉంది. అతని వీపు నదికి ఉంది. ఆమె మొహం నదికి ఉంది. మడచెట్ల వేళ్ళు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. ఒడ్డున బురద మెరవడం మొదలైంది. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు, ఆపలేదు.

"బాబూ," అన్నాడు చివరికి జగాయి, "పడవ కూచుంది."

హాజ్రా వెనక్కి తిరిగాడు. నీళ్ళు ఎక్కడికో పోయాయి. పడవ బురదలో ఒక పక్కకి ఒరిగి, గడ్డి సగం కిందికి జారి ఉంది. మళ్ళీ పోటు వచ్చేది చీకటి పడ్డాకే. అప్పుడైనా ఆ కూలీలు చెయ్యి వెయ్యరని అతనికి వాళ్ళ మొహాల్లోనే కనిపించింది.

"రేపు తెల్లవారగానే ఫ్యూజు పెడతాను," అంది తరులత. "ఊరందరి ముందూ చూసి పో. వచ్చినట్టే పో."

హాజ్రా మెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు.

ఖ్యాంతమణి లేచి ఇంటికి పోయి అన్నం కుండ ఎత్తుకొచ్చింది. ఆమె వెనకాల అరటాకులు, ఇలిస చేప తలలు వేసి వండిన చామాకు కూర, పప్పు ముద్ద, పచ్చిమిరపకాయలు వచ్చాయి. గడప మీదివాళ్ళు గడప మీదే ఉన్నారు. ఆకులు వాళ్ళ దగ్గరికే నడిచాయి. కూలీలకు వేశారు. ముసలావిడ హాజ్రా ముందు కూడా ఒక ఆకు పరిచి, నీళ్ళన్నం పిడికిళ్ళతో వేసి, పక్కన ఉప్పు పెట్టింది.

"తిను. ఇవాళ గుమ్మం తొక్కినవాణ్ణి పస్తు పంపం."

అతను చెయ్యి కడుక్కున్నాడు. గది గోడకి వీపులు ఆన్చి ఆడవాళ్ళు తింటున్నారు. మిరపకాయ కొరికిన చప్పుడు, నీళ్ళన్నం జుర్రిన చప్పుడు.